వేపాకు ఉండనివ్వండి, జ్వరం సీసా మాత్రం దాచొద్దు

ఈ వారం ఉత్తరం భీమవరం దగ్గర ఒక పల్లెటూరి నుంచి వచ్చింది. పేరు వెయ్యొద్దన్నారు, వెయ్యట్లేదు. బుధవారం అర్ధరాత్రి పిల్ల పక్కన కూర్చుని ఫోన్లో టైప్ చేసి పంపారంట, చాలా పెద్దగా ఉంది, అందుకే కుదించి చెప్తున్నా.

ఆవిడకి ఇద్దరు పిల్లలు. పాపకి ఏడేళ్ళు, రెండో క్లాసు, బరువు 20 కిలోలు. బాబుకి మూడేళ్ళు. భర్త హైదరాబాద్‌లో ఉద్యోగం, వారానికోసారి వస్తాడు. అత్తగారు, మరిది, అయిదో నెల కడుపుతో ఉన్న తోడికోడలు అందరూ ఒకే ఇల్లు, ఒకే వంట. సోమవారం పొద్దున పాపకి వీపు మీద, పొట్ట మీద ఎర్రగా పేలింది, సాయంత్రానికి నీటి పొక్కులయ్యాయి. అత్తగారు చూడగానే అమ్మవారు పోసిందమ్మా అని గుమ్మానికి వేపమండలు కట్టి, పాపని వేపాకు పక్క మీద పడుకోబెట్టి, ఇంట్లో తాలింపు ఆపేశారు. మంగళవారం ఈవిడ మొండిగా పాపని ఆటోలో పిల్లల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే ఆయన చికెన్‌పాక్సే అని జ్వరానికి పారాసిటమాల్ సిరప్, దురదకి కాలమైన్ లోషన్, ఇంకా వైరస్ మీద పనిచేసే ఎసైక్లోవిర్ రాశారు. అత్తగారు ఆ చీటీ తీసుకుని దేవుడి గూట్లో అమ్మవారి పటం కింద పెట్టేశారంట, మందు వేస్తే అమ్మకి కోపం వస్తుంది, పైకి రావాల్సింది లోపలికి పోతుంది, తొమ్మిదో రోజు నీళ్ళు పోసేదాకా ఒంటికి తడి తగలకూడదు అని. అప్పట్నుంచి ఈవిడ రాత్రిపూట తేనె నీళ్ళని చెప్పి సిరప్ పడుతున్నారు, నానమ్మకి చెప్పొద్దని పాపకి చెప్పి మరీ. పాప దురదకి గీరేసుకుంటోంది, నోట్లో కూడా పూసి సరిగ్గా తినట్లేదు. బాబుకి పదిహేనో నెలలో టీకా ఒక డోసు వేయించారు, రెండోది రెండు వేలు అవుతుందంటే తర్వాత చూద్దాం అనుకున్నారు, పాపకి అసలు వేయించలేదు. అత్తగారేమో ఇద్దర్నీ పక్కపక్కనే పడుకోబెట్టు, ఒక్కసారే అయిపోతే పీడ పోతుంది అంటున్నారు. భర్తకి ఫోన్ చేస్తే అమ్మ చెప్పినట్టు చెయ్, రెండ్రోజులు సర్దుకో అన్నాడు. పైగా పనిలో పనిగా శుక్రవారం తోడికోడల్ని పాలకొల్లు పుట్టింటికి పంపేస్తామంటున్నారు, "నేనేదో అంటుపెట్టినట్టు, మొన్న ఆదివారం కూడా ఆ పిల్లే మా పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకుని జడ వేసింది, అక్కడ వాళ్ళక్క నెలబిడ్డతో పురిట్లో ఉంది, ఉన్న గదిలో వీళ్ళెక్కడ పడుకుంటారు" అని ఒక ముక్క రాశారు. చివర్లో అడిగింది ఏంటంటే, నేను అత్తగారి మాట వినాలా, డాక్టర్ మాట వినాలా, దొంగచాటుగా మందు వెయ్యడం తప్పా?

అమ్మా,

ముందు ఒక మాట, నేను డాక్టర్ని కాదు, పిల్లల వార్డులో నర్సుగా చేసి రిటైర్ అయినదాన్ని. మీ పాపని చూసిన డాక్టర్‌గారి మాటకి నా మాట అడ్డం పెట్టకండి. మీ ఇంట్లో చిక్కు ఎక్కడ పడిందో చెప్పడం వరకే నా పని.

మీ ఉత్తరం మొత్తం మీకూ అత్తగారికీ మధ్య గొడవ గురించే ఉంది, కానీ నేను చదువుతూ చదువుతూ ఆగిపోయింది ఆ జడ దగ్గర. ఏడేళ్ళ ఆరోగ్యంగా ఉన్న పిల్లకి ఆటలమ్మ వస్తే నూటికి తొంభై పాళ్ళు వారం పది రోజుల్లో దానంతటదే తగ్గిపోతుంది, దురద, ఏడుపు, నిద్రలేని రాత్రులు ఇవన్నీ ఉంటాయి గానీ తగ్గిపోతుంది. కడుపుతో ఉన్న మనిషి సంగతి అలా కాదు. ఈ వైరస్ పొక్కు కనపడ్డాకే అంటుకోదు, దానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే అంటుకుంటుంది, అంటే సోమవారం పేలిన పిల్ల శనివారం, ఆదివారం నుంచే ఇంట్లో అందరికీ పంచుతోందన్నమాట, అప్పటికి ఎవరికీ తెలీదు కాబట్టి ఇందులో మీ తప్పు ఏ కోశానా లేదు. మీ అత్తగారు ఆ అమ్మాయిని పంపించేద్దాం అంటే మీకు అవమానంగా అనిపించింది, నాకు అర్థమైంది, కానీ నిజం చెప్పాలంటే మీ ఇంట్లో ఈ విషయంలో సరిగ్గా భయపడింది ఆవిడ ఒక్కతే. భయం కరెక్టు, ఆవిడ చెప్పిన దారిలో మాత్రం ఒక పెద్ద గొయ్యి ఉంది, అది కూడా మీరే రాశారు, నెలబిడ్డ అని.

అందుకే పాప సంగతి కాసేపు పక్కన పెట్టి ముందు మీ తోడికోడలి సంగతి చూద్దాం. ఇవాళ గురువారం, ఇవాళే ఆ అమ్మాయి చేత వాళ్ళ అమ్మకి ఫోన్ చేయించండి, చిన్నప్పుడు నాకు అమ్మవారు పోసిందా, ఏ క్లాసులో, ఎన్నాళ్ళు స్కూలు మానేశాను అని గుచ్చి గుచ్చి అడగమనండి. ఊరికే ఏదో వచ్చిందిలే అంటే సరిపోదు, మన వాళ్ళు తట్టునీ ఆటలమ్మనీ అన్నిటినీ అమ్మవారే అంటారు కదా. నీటి పొక్కులు వచ్చాయి, వేపాకు నీళ్ళు పోశాం, ఇదిగో నుదుటి మీద ఈ మచ్చ అప్పటిదే అని తల్లి గట్టిగా చెప్తే చాలా వరకు ఊపిరి పీల్చుకోవచ్చు, ఒకసారి వచ్చినవాళ్ళకి మళ్ళీ రావడం అరుదు. చిన్నప్పుడు టీకా రెండు డోసులూ వేయించిన కార్డు ఉన్నా అంతే. అలా గట్టిగా చెప్పలేకపోతే మాత్రం ఆమె చూపించుకునే గైనకాలజిస్టుకి ఫోన్ చెయ్యాలి. ఫోన్ అంటున్నా, తిన్నగా క్లినిక్‌కి వెళ్ళి కూర్చోవడం కాదు, అక్కడ బెంచీల మీద ఉండేవాళ్ళందరూ గర్భిణులే. ఆవిడ బహుశా రక్తపరీక్ష రాస్తారు, ఒంట్లో ఈ వైరస్‌కి యాంటీబాడీలు ఉన్నాయో లేవో అందులో తెలుస్తుంది. మన దేశంలో చాలామందికి పెళ్ళి వయసు వచ్చేసరికే వచ్చిపోయి ఉంటుంది, ఉంటే గొడవే లేదు. లేకపోతే కలిసిన రోజు నుంచి 10 రోజుల లోపు ఇచ్చే ఇమ్యునోగ్లోబులిన్ (తయారుగా ఉన్న యాంటీబాడీలు) ఇంజెక్షన్ ఒకటి ఉంది, ఎంత తొందరగా ఇస్తే అంత మంచిది, కానీ అది ఖరీదైంది, అన్ని ఊళ్ళల్లో దొరకదు, తెప్పించడానికే టైమ్ పడుతుంది. శనివారం నుంచి లెక్కేసుకుంటే వచ్చే మంగళవారానికి గడువు అయిపోతుంది. అందుకే ఇవాళే అంటున్నా. చికెన్‌పాక్స్ టీకా మాత్రం కడుపుతో ఉన్నవాళ్ళకి వెయ్యరు, అది బతికున్న వైరస్‌ని బలహీనం చేసి తయారుచేసిన టీకా, ఎవరైనా మెడికల్ షాపులో ఇప్పించేద్దాం అంటే ఒప్పుకోకండి.

ఆమెని భయపెట్టడానికి ఇది రాయట్లేదు. మొదటి 20 వారాల్లో తల్లికి సోకినా బిడ్డకి లోపం వచ్చేది నూటికి ఒకరిద్దరికి మాత్రమే. నిజానికి ఎక్కువ జాగ్రత్త పడాల్సింది తల్లి ఊపిరితిత్తుల గురించి, పెద్దవాళ్ళకి ఇది వస్తే న్యుమోనియాలోకి దిగే ప్రమాదం ఉంది, గర్భిణులకి అది ఇంకా కష్టం. కాబట్టి రేపు ఎప్పుడైనా ఒంటి మీద ఒక్క పొక్కు కనపడ్డా తెల్లారేదాకా ఆగకుండా డాక్టర్‌కి చెప్పాలి, వైరస్ మందు మొదటి 24 గంటల్లో మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది.

ఇక పాలకొల్లు పంపడమా మానడమా. పరీక్షలో యాంటీబాడీలు ఉన్నాయని తేలితే ఎక్కడున్నా ఫరవాలేదు, పంపినా నష్టం లేదు, ఉంచినా నష్టం లేదు, అప్పుడది ఉత్త ఇంటి రాజకీయం, మీ ఇష్టం. లేవని తేలితే పంపడం వల్ల మీ పాప నుంచి దూరం అవుతుంది, నిజమే, కానీ ఆదివారమే వైరస్ ఎక్కేసి ఉంటే అది బయటపడేది 10 నుంచి 21 రోజుల మధ్య, ఇంజెక్షన్ తీసుకుంటే 28 రోజుల దాకా కూడా, ఆ రోజుల్లో ఆమె ఉండేది ఒక నెలబిడ్డ, ఒక బాలింత ఉన్న గదిలో. అంటే మంటని ఇక్కణ్ణుంచి తీసి అక్కడ పెట్టినట్టు. అలాంటప్పుడు మరిది ఆమెని తీసుకుని ఊళ్ళోనే చిన్నపిల్లలు లేని చుట్టాలింట్లో ఒక గదిలో ఉండటమో, లేదా మీరూ పాపా ఇంట్లో ఒక వైపు గదికి మారి, ఆమె పాప ఉన్న వైపుకి రాకుండా, కంచం గ్లాసు తువ్వాలు వేరుగా పెట్టుకోవడమో మంచిది. రెండోదానిలో కష్టం ఏంటంటే ఒకే ఇంట్లో గాలి ఒకటే, ఈ వైరస్ గాలిలో కూడా పోతుంది, పూర్తిగా ఆగుతుందని గ్యారంటీ ఇవ్వలేం. మొదటిదానిలో కష్టం డబ్బు, మొహమాటం. పుట్టింటికే పంపాలని అందరూ పట్టుబడితే కనీసం వాళ్ళక్కకి ముందే విషయం చెప్పి, ఆవిడకి చిన్నప్పుడు వచ్చిందో లేదో కనుక్కుని పంపండి. తల్లికి వచ్చి ఉంటే నెలబిడ్డకి తల్లి దగ్గర్నుంచి కొంత రక్షణ ఉంటుంది. చెప్పకుండా పంపడం మాత్రం అన్యాయం.

సరే, ఇప్పుడు పాప. మీ అత్తగారు చేసినవన్నీ ఒక్కొక్కటి తీసి చూస్తే నాకు గొడవ పడాల్సినవి రెండు మూడే కనిపిస్తున్నాయి. గుమ్మానికి వేపమండలు కడితే ఊళ్ళో ఎవరూ లోపలికి రారు, అంతకన్నా ఏం కావాలి మనకి, ఆస్పత్రిలో మేము తలుపుకి బోర్డు పెట్టినా జనం తోసుకుని వచ్చేవాళ్ళు. పిల్లని బయట తిప్పకూడదు, పదిమందిలోకి పంపకూడదు, పలచటి నూలు బట్ట వెయ్యాలి, చల్లగా చూడాలి, ఇవన్నీ డాక్టర్ కూడా చెప్పేవే. తాలింపు, కారం లేని తిండి కూడా ఇప్పుడు పాపకి మంచిదే, నోట్లో పూసి ఉన్నప్పుడు ఎండుమిరప తాలింపు తగిలితే ప్రాణం పోతుంది. చల్లారిన పెరుగన్నం, మెత్తగా ఉడికించిన పప్పన్నం, రాగి జావ, మజ్జిగ, కొబ్బరినీళ్ళు, ఇవి పెట్టండి, పులుపు వద్దు. గుడ్డు పెట్టాలా అని మీరు ఎక్కడో రాశారు, పెడితే మంచిదే కానీ వారం రోజులు గుడ్డు లేకపోతే పిల్లకి ఏమీ కాదు, పప్పూ పెరుగూ పాలూ ఉన్నాయి కదా, గుడ్డు కోసం అత్తగారితో పోట్లాడి ఓపిక ఖర్చు పెట్టుకోకండి, ఆ ఓపిక వేరేచోట కావాలి. తిండి కన్నా నీళ్ళు చూడండి, రోజులో మూడు నాలుగుసార్లు అయినా ఒంటేలుకి వెళ్తోందా లేదా అన్నది గమనించండి. అక్కడ కూడా పూస్తుంది, మంట అని పిల్లలు ఆపుకుంటారు, చెప్పుకోరు. గోరువెచ్చటి నీళ్ళు మగ్గుతో పోస్తూ వెళ్ళమంటే మంట తగ్గుతుంది.

ఎసైక్లోవిర్ సంగతి కూడా ఒకటి చెప్తా, మీకు ఆశ్చర్యంగా ఉండొచ్చు. 12 ఏళ్ళ లోపు ఆరోగ్యంగా ఉన్న పిల్లలకి అది తప్పనిసరి కాదు, మొదటి రోజే మొదలుపెడితే జ్వరం, కొత్త పొక్కులు ఒకరోజు ముందు తగ్గుతాయి అంతే, ఇవాళ నాలుగో రోజు, ఇప్పుడు మొదలుపెట్టినా పెద్దగా ఒరిగేది ఉండకపోవచ్చు. పాపకి ఆస్తమా గానీ, ఎగ్జిమా లాంటి చర్మజబ్బు గానీ ఉన్నా, ఈ మధ్య స్టిరాయిడ్ మందులు వాడినా లెక్క వేరు. మీరు అలాంటివేం రాయలేదు. డాక్టర్‌గారికి ఫోన్ చేసి ఇంకా మొదలుపెట్టలేదండీ, ఇప్పుడు వెయ్యాలా అని అడగండి, ఆయన వద్దంటే ఆ ఒక్క మందు విషయంలో అత్తగారి మాట నెగ్గనివ్వచ్చు, వెయ్యమంటే వెయ్యాలి.

నెగ్గనివ్వకూడనిది జ్వరం మందు. పిల్ల ఒళ్ళు కాలిపోతూ ఉంటే నీళ్ళు తాగదు, తినదు, నిద్రపోదు. పారాసిటమాల్ ఒక డోసు కిలోకి 15 మిల్లీగ్రాములు, 20 కిలోల పిల్లకి 300 మిల్లీగ్రాములు. సీసా మీద 5 ఎంఎల్‌కి 250 అని ఉంటే 6 ఎంఎల్, 5 ఎంఎల్‌కి 125 అని ఉంటే 12 ఎంఎల్, రెండు రకాల సీసాలూ షాపుల్లో ఉంటాయి కాబట్టి చదివి పొయ్యండి. డోసుకీ డోసుకీ ఆరు గంటలు, రోజులో నాలుగుకి మించకూడదు, జ్వరం లేకపోతే వెయ్యక్కర్లేదు. ఇంకో సంగతి, మెడికల్ షాపులో జ్వరానికి అని అడిగితే ఐబుప్రోఫెన్ కలిపిన సిరప్పో, మెఫెనమిక్ యాసిడ్ ఉన్నదో చేతిలో పెడతారు, అవి గబగబా జ్వరం దించుతాయి కానీ ఆటలమ్మలో వద్దు, ఐబుప్రోఫెన్‌తో చర్మం లోపల సూక్ష్మక్రిములు చేరి పెద్ద ఇన్‌ఫెక్షన్ అయిన కేసులు ఉన్నాయి. ఆస్పిరిన్ అయితే అసలు ఇంట్లోనే కనపడకూడదు, అది పిల్లల్లో లివర్‌నీ మెదడునీ దెబ్బతీసే రేస్ సిండ్రోమ్‌కి దారితీయొచ్చు. ఊళ్ళో ఆర్‌ఎంపీ గారు ఒక్క ఇంజెక్షన్‌తో మాడిపోతుందమ్మా అంటే ఆయనకో నమస్కారం పెట్టి వచ్చెయ్యండి, అందులో స్టిరాయిడ్ ఉంటే ఈ జబ్బులో చాలా ప్రమాదం.

దొంగచాటుగా వెయ్యడం తప్పా అన్నారు. తప్పు ఒప్పు నేను చెప్పను గానీ దాని వల్ల ఏమవుతుందో చెప్తా. ఒకటి, ఏడేళ్ళ పిల్ల ఎక్కువ రోజులు రహస్యం దాచలేదు, బయటపడ్డ రోజు మందు సంగతి పక్కకిపోయి మీరు అబద్ధమాడారన్నదే మిగుల్తుంది. రెండోది ఇంకా ముఖ్యం. ఆటలమ్మ ఒక్కసారిగా వచ్చి ఆగదు, నాలుగైదు రోజుల పాటు విడతలు విడతలుగా కొత్తవి వస్తూనే ఉంటాయి, మీరు మందు వేసినా వెయ్యకపోయినా అంతే. రేపు మొహం మీద గుత్తులుగా లేస్తే, అదే టైమ్‌లో సిరప్ సంగతి కూడా తెలిస్తే, చూశావా అమ్మకి కోపం వచ్చింది అంటారు, మీ దగ్గర జవాబు ఉండదు, ఆ తర్వాత జన్మలో ఆ ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా ఇదే కథ చెప్తారు. అందుకే ఇవాళే, పొక్కులు ఇంకా పెరగకముందే, అత్తయ్యా రేపు ఎల్లుండి ఇంకా వస్తాయంట, ఆ తర్వాత మాడటం మొదలవుతుందని డాక్టర్ చెప్పారు అని ముందే ఆవిడ చెవిన వెయ్యండి. ముందు చెప్పింది జరిగితే ఆ డాక్టర్ మీద నమ్మకం దానంతటదే వస్తుంది.

చెప్పేసి బహిరంగంగా వెయ్యడం ఒక దారి, నాలుగు రోజులు ఇల్లు వేడెక్కుతుంది, భరించాలి. మరిది చేత చెప్పించడం ఇంకో దారి, కొడుకు మాట, అదీ తన భార్య కడుపుతో ఉన్నప్పుడు చెప్పే మాట, కోడలి మాటకన్నా ఎక్కువ పనిచేస్తుంది, ఇది న్యాయమా అంటే కాదు, కానీ మన ఇళ్ళల్లో పనిచేస్తుంది. మూడోది నేను చాలా ఇళ్ళల్లో చూసింది, సీసా తీసుకెళ్ళి అమ్మవారి పటం ముందు పెట్టి, అత్తయ్యా మీ చేత్తో బొట్టు పెట్టి ఇవ్వండి, ఇది అమ్మని ఆపే మందు కాదు, పిల్లకి వేడి తగ్గించేది అంతే, మీరే కదా చల్లగా చూడమన్నారు అనడం. ఇందులో అబద్ధం ఏమీ లేదు. పారాసిటమాల్ వైరస్ జోలికీ పొక్కు జోలికీ పోదు, జ్వరం ఒక్కటే దించుతుంది. కొందరికి ఇలా చెయ్యడం తలొగ్గినట్టు అనిపిస్తుంది, మీకు అలా అనిపిస్తే చెయ్యకండి, మొదటి దారి ఉంది. తేనె నీళ్ళ కథ మాత్రం ఈ రాత్రితో ఆపెయ్యండి, ఎవరికీ తెలీకుండా నడిస్తే మీరు వేశారని తెలీక పగలు ఇంకొకరు మళ్ళీ వేసే ప్రమాదం కూడా ఉంది.

మీ అత్తగారి గురించి మీరు కోపంలో రాసిన ఒక వాక్యం ఉంది, ఆవిడ తమ్ముడు చిన్నప్పుడు పెద్దమ్మవారు పోసి పోయాడని, అందుకే ఆవిడకి పిచ్చి భయం అని. అది పిచ్చి కాదమ్మా. పెద్దమ్మవారంటే మశూచి, ఆవిడ చిన్నతనంలో అది మన ఊళ్ళల్లో ఉంది, దానికి మందు లేదు, అయినవాళ్ళు చేయగలిగింది వేపాకు వెయ్యడం, మొక్కుకోవడం, జనాన్ని రానివ్వకపోవడం. 1975 తర్వాత మన దేశంలో ఆ జబ్బు లేదు, 1980లో ప్రపంచంలోనే లేదని ప్రకటించారు. ఆవిడ కళ్ళకి మాత్రం పొక్కులు పొక్కులే, మనవరాలి ఒంటి మీద తమ్ముడు కనపడుతున్నాడేమో. ఇది అది కాదు అత్తయ్యా, ఇది చిన్నమ్మవారు, దీంతో పిల్లలు లేచి తిరుగుతారు అని ఒకసారి పక్కన కూర్చుని చెప్పి చూడండి. ఆ తమ్ముడి పేరేంటో కూడా అడగండి.

నీళ్ళ విషయానికొస్తే, తొమ్మిదో రోజు దాకా తడి తగలకూడదన్నదాంతో నేను ఒప్పుకోను. చెమట, మురికి చేరితే దురద ఎక్కువ, గీరితే చీము. రోజూ గోరువెచ్చటి నీళ్ళతో అయిదు నిమిషాల స్నానం, పీచు వద్దు, సున్నిపిండి రుద్దడం వద్దు, తువ్వాలుతో రుద్దకుండా అద్దాలి. అత్తగారు తలస్నానం అదీ ససేమిరా అంటే మధ్యేమార్గం ఒకటుంది, వేపాకు వేసి మరిగించి చల్లార్చిన నీళ్ళల్లో మెత్తటి గుడ్డ ముంచి ఒళ్ళంతా అద్దడం, తలకి పోసే నీళ్ళు ఆవిడ చెప్పిన రోజునే పొయ్యండి, పెద్ద నష్టం లేదు. వేపమండతో పైపైన నిమిరితే దురదకి హాయిగా ఉంటుంది, పిల్లలకి ఇష్టం కూడా. పసుపూ వేపాకూ నూరిన ముద్ద మాత్రం పగిలిన పొక్కుల మీద పెట్టనివ్వకండి, రోట్లో నూరింది ఎంత శుభ్రమో మనకి తెలీదు. పగలని వాటి మీద కాలమైన్ లోషన్ దూదితో అద్దండి, కంట్లో, నోట్లో వద్దు. గోళ్ళు ఇవాళే కత్తిరించండి, రాత్రి పలచటి నూలు సాక్సులు చేతులకి తొడగండి, మరీ నిద్ర పట్టకపోతే రాత్రిపూట వేసే దురద మందు గురించి డాక్టర్‌ని అడగండి. పక్కులు గిల్లితేనే గుంటలు పడతాయి, వాటంతటవి రాలిపోతే మచ్చలు కొన్ని నెలల్లో చాలావరకు పోతాయి.

ఇవేవీ ఆలోచించకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళాల్సిన సందర్భాలు ఉన్నాయి, ఇవి మీ మరిదికీ అత్తగారికీ కూడా చెప్పి ఉంచండి. జ్వరం నాలుగు రోజులు దాటినా, తగ్గి మళ్ళీ వచ్చినా, ఏదైనా పొక్కు చుట్టూ ఎర్రగా వాచి వేడిగా నొప్పిగా ఉన్నా, చీము పట్టినా, ఊపిరి గబగబా పీలుస్తున్నా, ఆగని వాంతులైనా, లేపితే లేవకుండా మత్తుగా ఉన్నా, మెడ బిగిసినా, నడుస్తుంటే తూలినా, కంట్లో పొక్కు వచ్చినా, ఒంటేలు ఆగిపోయినా. అప్పుడు ఎవరి అనుమతీ అడగక్కర్లేదు. వెళ్ళేముందు ఫోన్ చేసి చికెన్‌పాక్స్ పిల్లని తెస్తున్నామని చెప్తే వాళ్ళు విడిగా కూర్చోబెడతారు.

బాబుని పక్కన పడుకోబెట్టే ఆలోచన వద్దే వద్దు. ఇంట్లో రెండోవాడికి అంటుకుంటే దగ్గర దగ్గరగా ఎక్కువ వైరస్ ఎక్కి మొదటివాళ్ళకన్నా గట్టిగా వచ్చే అవకాశం ఉంది. ఒక డోసు పడింది కాబట్టి వాడికి చాలావరకు రక్షణ ఉంది, వచ్చినా 50 లోపు పొక్కులతో తేలిగ్గా పోవచ్చు. రెండో డోసు కలిసిన మూడు రోజుల్లో, మహా అయితే అయిదు రోజుల్లో పడితే ఇంకా మంచిది, శనివారం నుంచి లెక్కేస్తే ఇవాళే ఆఖరి రోజు, పిల్లల డాక్టర్‌కి అదే ఫోన్లో అడిగెయ్యండి. టైమ్ దాటిపోయినా వేయించడం దండగ కాదు, ముందు ముందు పనికొస్తుంది. ఇది ప్రభుత్వం ఉచితంగా వేసే టీకాల్లో లేదు, రెండు వేలు ఈ నెల కష్టమైతే మీ ఆయన్ని పంపమనండి, సర్దుకో అని ఫోన్లో అనడం కన్నా అది ఉపయోగం. వాడికి పొక్కులు వస్తే పాప లేచి తిరిగే రోజుల్లో వస్తాయి, హమ్మయ్య అయిపోయింది అనుకునే టైమ్‌లోనే, కాబట్టి మూడు వారాల దాకా ఒళ్ళు చూస్తూ ఉండండి.

మీ ఆయనకి చిన్నప్పుడు వచ్చిందో లేదో గుర్తులేదన్నారు, అత్తగారిని అడగండి, ఆవిడకి గుర్తుంటుంది. రాలేదంటే ఆయన ఈ రెండు వారాలు రాకపోవడమే మంచిది, మగవాళ్ళకి ఈ వయసులో వస్తే, అందులో సిగరెట్ అలవాటుంటే, పిల్లల్లా తేలిగ్గా పోదు. వచ్చిందంటే మాత్రం ఈ శుక్రవారం రాత్రి బండి ఎక్కి రమ్మనండి, రెండు రాత్రులు పాప పక్కన ఆయన మేలుకుని మిమ్మల్ని నిద్రపోనివ్వమనండి. ఏ దారైనా ఈ రాత్రి ఆయన అమ్మతో పది నిమిషాలు మాట్లాడాలి, మీ తరఫున కాదు, పాప తండ్రిగా.

స్కూలు వాళ్ళు క్లాసులో ముందే ముగ్గురు పిల్లలకి వచ్చిందని మీకు చెప్పలేదని కోపంగా ఉంది, ఉండాల్సిందే. మీరు మాత్రం చెప్పండి, క్లాస్ టీచర్‌కి ఒక మెసేజ్ పెట్టండి, ఆ క్లాసులో ఏ పిల్లాడి తల్లి కడుపుతో ఉందో ఎవరికి తెలుసు. పరీక్షలు పోతాయేమో అన్నారు, రెండో క్లాసు పరీక్ష తర్వాత రాయించొచ్చు. పంపేది తారీకు చూసి కాదు, చిట్టచివరి పొక్కు కూడా ఎండి పక్కు కట్టాకే, మామూలుగా అది పేలిన అయిదు నుంచి ఏడు రోజులకి అవుతుంది, ఒక్కోసారి ఇంకాస్త పడుతుంది. మీ అత్తగారి తొమ్మిదో రోజు లెక్క దాదాపు ఇక్కడికే వస్తుంది చూడండి. ఆ రోజు నీళ్ళు పోశాక గుడికి తీసుకెళ్ళి చలిమిడి, పానకం పెట్టాలన్నారు కదా, పాప తల వెనక, చెవుల వెనక, జుట్టులో కూడా వెతికి ఒక్క పచ్చి పొక్కూ లేదని చూసుకుని నిక్షేపంగా తీసుకెళ్ళండి, ఒక్కటి కనపడినా రెండ్రోజులు ఆగి వెళ్ళండి. తోడికోడలి రిపోర్టులో యాంటీబాడీలు లేవని వస్తే ఆ అమ్మాయి ప్రసాదం ఇంటికి తెప్పించుకుంటుంది.